కొండ ఎక్కే సైకిలు ఎవరిది?

మన ఊళ్ళో బైకు అంటే మోటారు సైకిలే. పెట్రోలు తాగనిదాన్ని బైకు అని ఎవరూ అనరు. అందుకే, నిరుడు నవంబరు చివర్లో 'మౌంటెన్ బైకుల మీద అరకు వెళ్ళొచ్చాం' అని మెస్సులో చెప్పగానే ఒక మిత్రుడు 'లీటరుకి ఎంతిచ్చిందిరా?' అని అడిగాడు. 'ఘాట్ మీద ఇడ్లీకి మూడు కిలోమీటర్లు' అన్నాం. అందరూ నవ్వారు. ఆ నవ్వులో పడి అసలు సంగతి చెప్పడం కుదరలేదు. ఈ సంచిక పుణ్యమా అని ఇప్పుడు చెబుతున్నాను.

ఇది యాత్రా కథనం అనుకోకండి. అరకు అందాల గురించి రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు. వలిసె పూల పసుపు గురించి, మంచు గురించి, బొంగులో చికెన్ గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. స్నేహితులతో కలిసి కొండ ఎక్కాలని సరదాపడ్డప్పుడు 'ఎవరెవరు రాగలరు?' అనే ప్రశ్న ఒకటి వస్తుంది. దాన్ని మనం గట్టిగా వేసుకోం. వచ్చినవాళ్ళతో వెళ్ళిపోతాం. రాలేనివాళ్ళు రాలేదని కూడా గుర్తుండదు. ఈ ప్రశ్నకు జవాబు చెప్పవలసింది మన విద్యార్థి సంఘమే అని నా అభిప్రాయం. ఎందుకో వినండి.

ముందు ఈ సైకిలు పుట్టుపూర్వోత్తరాలు. దుకాణం అద్దాల వెనక మెరుస్తూ, రెండు చక్రాలకూ డిస్కు బ్రేకులతో, ముందు స్ప్రింగులతో కనిపించే ఈ వస్తువు డబ్బున్నవాళ్ళ ఇంట పుట్టిందనుకుంటాం. పుట్టింది పాత ఇనుప సామాన్ల మధ్య. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం, మారిన్ కౌంటీలో టమల్పాయిస్ అనే కొండ ఉంది. 1970లలో అక్కడి కుర్రాళ్ళు కొందరు 1930ల, 40ల నాటి లావు టైర్ల పాత సైకిళ్ళు చవగ్గా సంపాదించి, ఆ కొండ మట్టిబాటల మీద దిగడం మొదలుపెట్టారు. పైకి తొక్కలేక చాలాసార్లు సైకిళ్ళను ట్రక్కులో వేసుకుని తీసుకెళ్ళేవారు. 1976 అక్టోబరు 21న మొదటి పందెం పెట్టుకున్నారు. రెండు మైళ్ళ దూరంలో సుమారు 1300 అడుగులు దిగే బాట అది. వెనక చక్రం ఇరుసులో ఉండే బ్రేకు వేడెక్కి, అందులోని గ్రీజంతా కాలి పొగైపోయేది. దిగిన ప్రతిసారీ మళ్ళీ గ్రీజు కూరాలి. అందుకే ఆ బాటకి 'రీప్యాక్' అని పేరొచ్చింది. జో బ్రీజ్, గేరీ ఫిషర్, చార్లీ కెల్లీ వంటివాళ్ళ పేర్లు అక్కడివే. వెండీ క్రాగ్ అనే ఆమె వాళ్ళతో సమానంగా తొక్కుతూనే ఆ రోజుల ఫోటోలు తీసి పెట్టింది. పాత సైకిళ్ళకు గేర్లు బిగించడం, తర్వాత కొత్త ఫ్రేములు అతకడం, ఆ తర్వాత అమ్మకం. 1981 నాటికి కార్ఖానాలో పెద్ద ఎత్తున తయారైన మొదటి మౌంటెన్ బైకు బజారులోకి వచ్చింది. 1996లో అట్లాంటా ఒలింపిక్సులో పతకాలిచ్చే ఆట అయి కూర్చుంది. ఇరవై ఏళ్ళలో పాత ఇనుము పతకం దాకా వెళ్ళిందన్న మాట!

ఇంతకీ కొండ సైకిలుకీ మన నల్ల సైకిలుకీ తేడా ఏమిటి? టైర్లూ బ్రేకులూ అలా ఉంచితే ముఖ్యమైన తేడా పళ్ళలో ఉంది. మన మామూలు సైకిలుకి ముందు చక్రంలో 44 పళ్ళు, వెనక ఫ్రీవీలుకి 18 పళ్ళు ఉంటాయనుకోండి. పెడలు ఒక్కసారి తిప్పితే సైకిలు అయిదు మీటర్లకి పైగా నడుస్తుంది. చదునుగా ఉన్న రోడ్డు మీద హాయిగా ఉంటుంది. ఎక్కుడులో అదే ప్రాణం తీస్తుంది. గేర్ల సైకిలులో ముందు 22, వెనక 34 పళ్ళు కలిపితే ఒక్క చుట్టుకి నడిచేది మీటరూ మూడోవంతు. మెల్లగా వెళ్తుంది గాని, ఆగదు.

అలాగని గేరు కష్టాన్ని తగ్గిస్తుందనుకోవద్దు. మనిషీ సైకిలూ సంచీ కలిసి 80 కిలోలు అనుకుందాం. శృంగవరపుకోట నుంచి గాలికొండ దాకా రోడ్డు వెయ్యి మీటర్లకు పైగా ఎక్కుతుంది. వెయ్యికే లెక్క కడితే 7,84,000 జౌళ్ళు, అంటే తిండి లెక్కలో 187 కేలరీలు. తిన్నదాంట్లో మన ఒళ్ళు పనిగా మార్చేది మహా అయితే నాలుగోవంతు. కనక 750 కేలరీలు తినాలి. ఇడ్లీకి 50 చొప్పున పదిహేను ఇడ్లీలు! గేరు ఇందులో ఒక్క ఇడ్లీ కూడా మాఫీ చేయదు. అప్పంతా ఒక్కసారి కట్టమనకుండా చిన్న చిన్న వాయిదాల్లో కట్టనిస్తుంది, అంతే. వాయిదాల సౌకర్యం లేనివాడు ఎక్కుడులో దిగి తోసుకుంటాడు. ఈ ముక్క గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇక మా దండు సంగతి. మొదట ఏడుగురం అనుకున్నాం. చివరికి బయల్దేరింది అయిదుగురం. హాస్టల్లో ఉండే ఇద్దరమ్మాయిలు రాలేకపోయారు. అనుమతి కోసం కాగితం పెట్టుకున్నారు. 'దారిలో ఏమైనా అయితే బాధ్యత ఎవరిది?' అని దాని మీద రాసి తిప్పి పంపారు. మంచి ప్రశ్నే. కాని మా మగపిల్లల్ని ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. అడగకపోవడం వల్ల ఘాట్ రోడ్డు మాకేమైనా మెత్తబడుతుందా? లారీ వచ్చి మగపిల్లాణ్ణి చూసి పక్కకి తప్పుకుంటుందా? మాతో వచ్చిన భౌతికశాస్త్రం అమ్మాయి ఇంటి నుంచి వచ్చి చదువుకుంటుంది కాబట్టి రాగలిగింది. వాళ్ళమ్మగారు 'నలుగురితో వెళ్తున్నావు, నలుగురితోనే రా' అన్నారట. బాధ్యత గురించి ఇంతకంటే చక్కని నియమం నాకు ఏ ఆఫీసు కాగితంలోనూ కనిపించలేదు.

అయిదుగురికీ సైకిళ్ళు అయిదు. అందులో గేర్లున్నవి మూడు. ఇంజనీరింగు మిత్రుడిది ఖరీదైనది, వాళ్ళ నాన్నగారు పుట్టినరోజుకి కొనిపెట్టింది. భౌతికశాస్త్రం అమ్మాయిది ఒక మోస్తరుది. మూడోది అద్దెకి తెచ్చాం. మిగతా రెండూ గేర్లు లేనివి. ఒకటి నాది. రెండోది శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్కాలర్‌షిప్పు మీద చదువుకుంటున్న మిత్రుడిది. వాళ్ళ నాన్న పాల క్యాన్లు కట్టుకుని తిరిగిన నల్ల సైకిలు. క్యారియరు రెండుచోట్ల అతుకులు.

సైకిళ్ళను ట్రాలీ ఆటోలో వేసుకుని శృంగవరపుకోట చేరి, అక్కణ్ణుంచి తొక్కడం మొదలుపెట్టాం. అరకు సుమారు అరవై కిలోమీటర్లు. బొడ్డవర దాకా ఎవరికీ తేడా తెలియలేదు. ఘాట్ మొదలైంది. గంట గడిచేసరికి అయిదుగురం మూడు ముక్కలయ్యాం. గేర్లవాళ్ళు ఇద్దరు ఎక్కడో పై మలుపులో, అమ్మాయి మధ్యలో, మేమిద్దరం కింద తోసుకుంటూ. ఒకే రోడ్డు మీద ఉన్నాం గాని కలిసి ప్రయాణం చేయడం లేదు. మమ్మల్ని దాటి కట్టెల మోపుతో ఎక్కుతున్న ఒక ముసలాయన నిలబడి, మా సైకిళ్ళ వంకా మా వంకా మార్చి మార్చి చూసి, 'ఏటి బాబూ, బండి మిమ్మల్ని మొయ్యాలా, మీరు బండిని మొయ్యాలా?' అన్నాడు. అని, మాకంటే ముందు మలుపు తిరిగి వెళ్ళిపోయాడు.

టైడా దాటాక అందరం ఒకచోట చేరాం. అప్పుడు భౌతికశాస్త్రం అమ్మాయి ఒక లెక్క చెప్పింది. అయిదు కిలోమీటర్లకొకసారి సైకిళ్ళు మార్చుకుందాం. ఇరవై అయిదు కిలోమీటర్లలో ప్రతివాళ్ళకీ గేర్ల సైకిలు పదిహేను కిలోమీటర్లు, గేర్లు లేనిది పది కిలోమీటర్లు వస్తాయి. ఎవరికీ ఎక్కువా లేదు, తక్కువా లేదు. పైగా ముందు వెళ్ళేవాళ్ళు ప్రతి అయిదో కిలోమీటరు రాయి దగ్గరా ఆగి తీరాలి. లేకపోతే సైకిలు మారేదెలా? ఇంజనీరింగు మిత్రుడు కాసేపు తన సైకిలు వంక చూసి, 'సీటు ఎత్తు సరిచేసుకోండి, మోకాళ్ళు పట్టేస్తాయి' అన్నాడు. అదే అతని అంగీకారం. నల్ల సైకిళ్ళ సీటు కదలాలంటే పానా కావాలి. అందుకని పానా జేబులో పెట్టుకున్నవాడే ఆ రోజుకి మాకు నాయకుడు.

అక్కణ్ణుంచి యాత్ర రూపం మారిపోయింది. ఆగినప్పుడల్లా మాటలు. భూగర్భశాస్త్రం చదివే మిత్రుడు రోడ్డు పక్క తవ్విన గోడ చూపించి, ఎర్రబారిన ఆ రాతి పేరు ఖొండలైటు అనీ, ఈ తూర్పు కనుమల్లో బతికే ఖోండు జాతివారి పేరే దానికి పెట్టారనీ చెప్పాడు. సిల్వర్ ఓకు చెట్ల నీడన కాఫీ మొక్కలు, ఆ చెట్లకే అల్లుకున్న మిరియం తీగలు చూశాం. ఇవన్నీ బస్సు కిటికీలోంచి కూడా కనిపిస్తాయి. కాని బస్సు మన కోసం ఆగదు. ఆ రాత్రి అనంతగిరిలో తెలిసినవారి అరుగు మీద పడుకున్నాం.

మర్నాడు గాలికొండ దాటి అరకు చేరాం. మూడోరోజు రోడ్డు వదిలి మట్టిబాటలు పట్టాం. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మౌంటెన్ బైకింగ్ వాళ్ళు మట్టిబాట కనిపిస్తే చాలు 'ట్రయిలు' అని పేరు పెట్టి దూసుకుపోతారు. మేము తిరిగిన ప్రతి బాటా ఎవరో ఒకరు రోజూ నడిచేదే. సంతకి వెళ్ళే దారి, నీళ్ళు తెచ్చుకునే దారి, చోడి చేనుకి వెళ్ళే గట్టు. మనకి సాహసం అయినది వాళ్ళకి దినచర్య. ఈ కొండలకి యజమానులున్నారని సుప్రీంకోర్టు 1997లో సమత కేసులో ఒక విధంగా తేల్చి చెప్పింది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకూ ప్రైవేటు కంపెనీలకూ గనుల కోసం లీజుకివ్వకూడదని తీర్పు. ఆ కేసు పుట్టింది మేము పడుకున్న ఈ అనంతగిరి మండలంలోనే. గని తవ్వేవాడికే అంత నియమం ఉన్నప్పుడు, సరదాకి వెళ్ళేవాడికి కనీస మర్యాదైనా ఉండాలి కదా! చేను గట్టు మీద దిగి నడిపించాలి. తలమీద బరువుతో ఎదురొచ్చేవాళ్ళకి దారి మనమే ఇవ్వాలి. గంట కొట్టి తప్పుకోమనడం సభ్యత కాదు.

దిగేటప్పటి సంగతి వేరు. ఎక్కేటప్పుడు పదిహేను ఇడ్లీలతో కూడబెట్టిన ఎత్తంతా దిగేటప్పుడు బ్రేకులో వేడిగా మారాలి. మన నల్ల సైకిళ్ళ కడ్డీ బ్రేకులు ఊళ్ళో సందుల కోసం చేసినవి. వెయ్యి మీటర్ల దిగుడుకి వాటిని నమ్మకూడదు. అందుకని గేర్లు లేని రెండింటినీ అరకు స్టేషనులో పాసింజరు బండి బ్రేకు వ్యానుకి బుక్ చేశాం. బైలదిల్లా ఇనుప ఖనిజం రేవుకి చేరవేయడానికి 1960లలో వేసిన కొత్తవలస–కిరండూల్ లైను మా సైకిళ్ళను కూడా మోసింది. సైకిళ్ళతో ఇద్దరు రైల్లో దిగాలి. ఎవరు? అందరికీ దిగుడే కావాలి. చీట్లు వేశాం. ఒక చీటీ భూగర్భశాస్త్రం మిత్రుడికి వచ్చింది. రెండోది శ్రీకాకుళం మిత్రుడికి. అతను చీటీ మడిచి జేబులో పెట్టుకుని 'సరే' అన్నాడు. ఇంజనీరింగు మిత్రుడు తన సైకిలు తాళంచెవి తీసి అతని చేతిలో పెట్టి, 'యాభై ఎనిమిది టన్నెళ్ళు ఉన్నాయిటరా, నేను ఒక్కటీ చూడలేదు' అని రైలెక్కేశాడు. టన్నెల్లో చీకటి తప్ప ఏముంటుంది చూడ్డానికి!

మేము ముగ్గురం దిగాం. మెల్లగా, రెండు బ్రేకులూ వంతులవారీగా నొక్కుతూ, మధ్యమధ్య ఆగి చక్రాలు చల్లబరచుకుంటూ. కింద చింతచెట్టు నీడలో దిగి నీళ్ళు తాగుతున్నప్పుడు శ్రీకాకుళం మిత్రుడు గేర్ల పళ్ళ మీద దుమ్ము తుడుస్తూ, 'మా నాన్న ముప్ఫై ఏళ్ళు సైకిలు తొక్కాడు. గేరంటే ఏమిటో తెలియకుండానే తొక్కాడు' అన్నాడు. మేమేమీ అనలేదు.

ఇప్పుడు నా మనవి. మేము అయిదుగురం ఘాట్ మీద అయిదు కిలోమీటర్ల రాళ్ళ దగ్గర చేసిన పని మన సంఘం ఏడాది పొడుగునా చేయవచ్చు. పది గేర్ల సైకిళ్ళు ఉమ్మడిగా కొని, విద్యార్థులకు వంతులవారీగా ఇవ్వాలి. కొండెక్కడానికి పనికొచ్చే మామూలు రకం పన్నెండు నుంచి ఇరవై వేల రూపాయల మధ్య దొరుకుతోంది. పది సైకిళ్ళూ, శిరస్త్రాణాలూ, గాలి పంపులూ, పంచరు సామానూ కలిపి రెండు లక్షల చిల్లర. ఒక్క రాత్రి ఆర్కెస్ట్రాకి, లైట్లకి మనం వెనకాడకుండా ఖర్చు పెడుతున్నాం కదా. మర్నాటి పొద్దుటికి దాంట్లో మిగిలేది చెవుల్లో హోరే. సైకిలు పదేళ్ళు ఉంటుంది.

పెద్దలు కొన్ని అభ్యంతరాలు చెబుతారు. 'ఉమ్మడి సొమ్ము పాడుచేస్తారు' అంటారు. గ్రంథాలయంలో పుస్తకాలు చింపేవాళ్ళున్నారని గ్రంథాలయం మూసేశామా? పేరు రాసుకుని ఇస్తాం, చెడిపితే కట్టించుకుంటాం. మన పూర్వ విద్యార్థుల్నడగండి, గంటల లెక్కన అద్దె సైకిలు తీసుకుని సాయంత్రానికి పువ్వులా తెచ్చి అప్పగించిన తరం వాళ్ళది. 'ప్రమాదం' అంటారు. నిజమే, ప్రమాదమే. అందుకే నియమాలుండాలి. శిరస్త్రాణం లేనిదే సైకిలు ఇవ్వకూడదు. వానలో, చీకట్లో ఘాట్ ఎక్కకూడదు. వెనక ఎర్రదీపం ఉండాలి. పంచరు వేయడం, బ్రేకు బిగించడం ముందు నేర్పాలి. అన్నిటికంటే ముఖ్యం, బాగా తొక్కగలవాడు ముందు కాకుండా అందరికన్నా వెనక ఉండాలి. వెనకబడ్డవాడికి ఒక తోడు ఉంటే సగం ప్రమాదాలు జరగవు. 'చదువు పాడవుతుంది' అనేవారికి మాత్రం జవాబు చెప్పను. ఘాట్ మీద నేర్చుకున్న పనీ శక్తీ లెక్క ఇప్పటికీ నాకు పుస్తకం తెరవకుండా వస్తుంది.

ఇక ఆడపిల్లల హాస్టలు అనుమతి. 1990ల ఆరంభంలో తమిళనాడులోని పుదుక్కోట జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమంలో భాగంగా వేలమంది పల్లెటూరి స్త్రీలు సైకిలు నేర్చుకున్నారు. కూలిపని చేసుకునే తల్లులు నేర్చుకున్నారు. విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ చదివే అమ్మాయి నాలుగు రోజులు సైకిలు యాత్రకి వెళ్తానంటే 'బాధ్యత ఎవరిది' అని ఈనాడు అడగడం విడ్డూరంగా లేదా? సంఘం పేరున, నియమాలతో, ఒక అధ్యాపకుడో అధ్యాపకురాలో వెంట ఉండి నడిపే యాత్ర అయితే ఆ ప్రశ్నకి జవాబు ఉంటుంది. బాధ్యత సంఘానిది. ఆ జవాబు కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇవ్వగలిగిన రోజున ఏడుగురం అనుకుంటే ఏడుగురమూ బయల్దేరతాం.

సైకిలు ఉన్నవాళ్ళు ఎలాగూ వెళ్తారు. వాళ్ళకి సంఘం అక్కర్లేదు. గేర్లు కొనుక్కోలేనివాడూ, అనుమతి దొరకనిదీ, ఎక్కుడులో దిగి తోసుకునేవాడూ, వీళ్ళ కోసమే కదా సంఘం ఉన్నది! రాబోయే కార్యవర్గం మొదటి సమావేశంలో పది సైకిళ్ళ పద్దు ఒకటి పెట్టి చూడమని కోరుతున్నాను. పూర్వ విద్యార్థులు తలా కొంచెం వేస్తే మొత్తం భారం సంఘం మీద పడదు. పానా, గాలి పంపు నా దగ్గర ఉన్నాయి. అవి నా చందాగా రాసుకోండి.